సాంతా బ్రీహిదా మిల్లు చప్పుడు

మార్చి 4

ఇలియానా ఈవేళ కుర్చీ చూపించి కూర్చోమంది. రేడియో స్టేషన్లో ఎవరైనా నాకు కుర్చీ చూపిస్తే భయమేస్తుంది. ఇక చాలు ఎవేలియో, ఇంటి పట్టున ఉండు అంటారేమోనని.

అదేం కాదు.

"బాబాయ్, సాంతా బ్రీహిదా మీద నాటకం వేస్తున్నాం. మన చక్కెర మిల్లు ఆడిన ఆఖరి రోజు కథ. మొదటి మాట నుంచి వెనకాల మిల్లు ఆడుతూనే ఉండాలి. చివర్లో ఆగిపోవాలి. ఆ చప్పుడు మీరు చెయ్యాలి" అంది.

"ఇప్పుడు చప్పుళ్లన్నీ కంప్యూటర్లోనే ఉంటున్నాయి కదమ్మా."

"అందులో మన మిల్లు లేదు బాబాయ్. వేరే ఊళ్లో ఎప్పుడో రికార్డు చేసిన మిల్లు టేపు ఒకటి వస్తోంది. ఇరవై ఒకటో తారీఖు రికార్డింగు. అప్పటికి మీది కుదిరితే మీది. లేదంటే టేపు వేసేస్తాను."

సరే అన్నాను. నాటకాలు రాసేదీ ఆడించేదీ ఆ అమ్మాయే. ఇంకా ఏదో అనాలి గానీ నాకు మాటలు రావు. నేను వాన చేస్తాను, గాలి చేస్తాను, గుర్రాన్ని చేస్తాను, తడిసి బిగుసుకున్న తలుపుని చేస్తాను. మాటల సంగతి నటులు చూసుకుంటారు.

నాకు గర్వం లేదు. కానీ ఒకటి రాసుకుంటాను. ఓసారి నేను చేసిన వాన విని, పోస్టాఫీసు వీధిలో ఒకావిడ దండెం మీది బట్టలన్నీ లోపలికి తెచ్చేసుకుందట. పామ్ చెట్టు డొప్ప మీద బియ్యం జార్చిన వాన అది.

మార్చి 5

మిల్లు చప్పుడు గుర్తు తెచ్చుకుందామని పెరట్లో కూర్చున్నాను. రాలేదు.

మార్చి 6

రాలేదు. కూత వస్తోంది. మిల్లు కూత ఎవరికైనా వస్తుంది. శంఖమూ ఖాళీ రమ్ము సీసా కలిపి ఊదితే చాలు. చప్పుడే రావడం లేదు.

నేను పుట్టింది ఈ మిల్లువాడలో, ఆ చప్పుడులోనే. అమ్మ చెక్క చెప్పులు వినపడుతున్నాయి. బడి గంట వినపడుతోంది, పగులు దగ్గర అది చేసే గరగరతో సహా. మిల్లు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టుంది.

ఎవరికీ చెప్పలేదు. చప్పుళ్లవాడికే చప్పుడు గుర్తు లేదంటే నవ్విపోతారు.

మార్చి 8

గుర్తు లేకపోతేనేం, మిల్లంటే ఎలా ఉండాలో అలా చేద్దామనుకున్నాను. ఖాళీ డీజిలు పీపా, దాని చుట్టూ సైకిలు గొలుసు, కాఫీ గింజల మర. పెరట్లో మొదలుపెట్టానో లేదో, గోడ అవతలి నుంచి అన్న గొంతు.

"సొరాయిదా! ఆ డబ్బాలవాణ్ణి ఆపమను! తల పగిలిపోతోంది!"

నాకు చెప్పాల్సినవన్నీ ఆయన వదినకి చెప్తాడు. మా ఆవిడ పోయి నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అంతే.

"నీ తమ్ముడు మిల్లు చేస్తున్నాడయ్యా! రేడియోకి!" అని వదిన వంటింట్లోంచి అరిచింది.

లోపల దగ్గు వినపడింది. తరవాత అన్నాడు.

"మిల్లా? వాడు చేస్తాడా మిల్లు? పీపాలో? రేపు సముద్రాన్ని కూడా చెంబులో చేస్తాడు."

"చేశాడుగా పోయినేడు" అంది వదిన.

చెంబులో కాదు, తొట్టిలో చేశాను. బాగా వచ్చింది కూడా. గొలుసు ఇంకాస్త బిగించాను.

అన్న పేరు వెన్సెస్లావ్. గానుగల మేస్త్రీ. చెరకు నలిపే గానుగలు ఐదూ ఆయన మాటే వినేవి. నన్ను కూడా మిల్లులో పెట్టించాడు ఒకసారి. వారం తిరక్కుండా పంపేశారు. పని మానేసి చెవులు రిక్కించి నిలబడుతున్నానట.

మిల్లు మూసేశాక దాన్ని విప్పి లారీలకెక్కించడానికి కూడా అన్ననే పిలిచారు, ఏ బోల్టు ఎక్కడుందో తెలిసినవాడని. విప్పాడు. ఆఖరి లారీ పోయాక ఇంటికొచ్చి మిల్లు వైపు కిటికీకి మేకులు కొట్టేశాడు. అప్పట్నుంచి ఆ గది, ఆ మంచం, చుట్ట. రేడియో పెడితే అబద్ధాల పెట్టె అంటాడు. ఇన్నేళ్లలో నా పని ఒక్కటి కూడా వినలేదు.

నాకేం పట్టింపు లేదు. ఈ మిల్లు ఆయన కోసం చేయడం లేదు. ఇలియానా అడిగింది కాబట్టి చేస్తున్నాను.

పీపా బాగాలేదు. డబ్బాల మోతలాగే ఉంది. ఆయన అన్నాడని కాదు.

మార్చి 11

టేపు వచ్చింది. మిల్లులో పనిచేసిన నలుగురు ముసలాళ్లని ఇలియానా స్టేషనుకి పిలిపించింది, విని చెప్పమని. డామినో బిళ్లలాట ఆడుకుంటున్నవాళ్లని మధ్యలో లేపుకొచ్చింది కాబట్టి మొహాలు మాడ్చుకునే వచ్చారు. వాళ్లకి పెద్ద రెంబెర్తో. చెరకు ఎత్తే క్రేను నడిపినవాడు.

రికార్డింగు చూసే ఓస్మెల్ టేపు పెట్టాడు. గది నిండిపోయింది. అసలైన మిల్లు, అసలైన ఇనుము. నా పీపా గుర్తొచ్చి తల దించుకున్నాను.

రెంబెర్తో కాసేపు విని, "ఇదెవరిది?" అన్నాడు.

"ఎవరిదేంటి పెద్దాయనా, మిల్లుది" అన్నాడు ఓస్మెల్.

"అది తెలుస్తోందిలే. ఏ మిల్లుది?"

"తూర్పు వైపుదట. ఏదైతేనేం, మిల్లంటే మిల్లే కదా!"

"ఓహో. మరి మా ఆవిడా మీ ఆవిడా ఒకటేనా? ఆడదంటే ఆడదే కదా?"

"బాబోయ్, మీ ఆవిడ నాకొద్దు తాతా."

"ఆవిడకి మాత్రం నువ్వు కావాలేంటి?"

అందరూ నవ్వారు. ఇలియానా కూడా. "అయితే మన మిల్లు ఎలా ఉండేదో మీరే చేసి చూపించండి" అంది.

అక్కడ మొదలైంది గొడవ. ఒకాయన గుండెల మీద గుద్దుకుంటూ గుం గుం అన్నాడు. ఇంకొకాయన, "అది బాయిలరు గదిలోరా! నువ్వు ఆ గది దాటి ఎప్పుడైనా బయటికొచ్చావా?" అని పెదాలు ఆడించి జుర్రుమన్నాడు. పెట్టుడుపళ్లు కదిలిపోయాయి. మూడో ఆయన బల్ల మీద దరువు వేశాడు. రెంబెర్తో, "అది మిల్లు కాదు, మీ మామ పెళ్లి!" అన్నాడు. ఒకరిది ఒకరు ఒప్పుకోలేదు. చివరికి రెంబెర్తోనే చేసి చూపిద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఒక్కొక్కరే చల్లబడ్డారు.

"ఆడినన్నాళ్లూ ఎవడు విన్నాడమ్మా?" అన్నాడు రెంబెర్తో తన బూట్లకేసి చూస్తూ. "అది ఆగినప్పుడే కదా అందరం విన్నది."

గుర్తు లేనిది నా ఒక్కడికే కాదన్నమాట. ఇంటికొచ్చేటప్పుడు గుర్రబ్బండిలో ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది.

కానీ బండెక్కేముందు ఇలియానా నా వెనకాలే వచ్చింది. "బాబాయ్, వేరే ఊరిదైనా అది మిల్లే. మీది రాకపోతే నేనింకేం చెయ్యలేను. వీళ్లు తిడితే తిట్లు తింటాను" అంది. ఆ పిల్లదేం తప్పు లేదు.

తూర్పు వైపు మిల్లు చప్పుడు పెట్టి సాంతా బ్రీహిదా అని చెప్తారు. మా వాళ్లు వింటారు. అన్న గది తలుపు అవతల కూడా ఒకవేళ వినపడితే.

వినపడదులే. ఆయన వినడు.

మార్చి 13

అన్ననే అడిగాను. కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అన్నా, మిల్లు ఎలా ఉండేది?"

"ఎలా ఉండటమేంటి?"

"చప్పుడు."

ఇటు తిరిగాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"వారం రోజులు ఉన్నావు దాంట్లో. ఏం విన్నావు?"

"గుర్తు లేదన్నా."

"గుర్తు లేదుట! ఇనుము పలకాలంటే ఇనుమే ఉండాలిరా. అది లేదు. బోల్టు బోల్టూ నేనే విప్పాను. లేనిదాన్ని నువ్వెలా చేస్తావు? నీ డబ్బాలూ గిన్నెలూ చూసి జనం నవ్వాలా? నన్ను చూసి నవ్వాలా?"

కాఫీ అక్కడ పెట్టి వచ్చేశాను.

నాకేం బాధ లేదు.

మార్చి 14

నాకేం బాధ లేదు.

మార్చి 16

ఇది వరసగా రాయాలి, లేకపోతే పోతుంది.

మధ్యాహ్నం వదిన పొయ్యి దగ్గర ఉంది. నేను ఆవిడ పక్కనే నిలబడి నల్ల చిక్కుడు గింజలు ఏరుతున్నాను.

"ఎవేలియో! అన్నం!" అంది.

"పక్కనే ఉన్నాను కదా వదినా, ఎందుకలా అరుస్తావు?"

"నేనెక్కడ అరిచాను?" అని అరిచింది. తరవాత తనకే నవ్వొచ్చింది. "మిల్లువాడ ఆడాళ్లం అందరం ఇంతేగా! మా చెల్లెలి ఊరికెళ్తే, పక్కింటివాళ్లు పరిగెత్తుకొస్తారు. అక్కాచెల్లెళ్లు కొట్టుకుంటున్నారేమోనని."

తిన్నాక కప్పులు తుడిచి అలమరలో సర్దుతోంది. కప్పుకీ కప్పుకీ మధ్య ఒక గుడ్డముక్క. ఇది నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అమ్మ అలాగే పెట్టేది. ఈ వాడలో ప్రతి ఇంట్లో అలాగే పెడతారు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"వదినా, ఆ గుడ్డలెందుకు?"

"ఎందుకేంటి? పెట్టకపోతే వణికి వణికి అంచులన్నీ చిట్లిపోవూ!"

"ఎందుకు వణుకుతాయి?"

చెప్పబోయింది. చెప్పలేదు. చేతిలో గుడ్డముక్క అలాగే ఉంది. మిల్లు పోయి ఇరవై ఏళ్లు దాటింది.

"అవును" అంది. "ఇప్పుడెందుకు వణుకుతాయి."

వదిన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మేమెవ్వరం మిల్లుని వినలేదు. మిల్లు ఈ ఇంటిని కదిపింది, ఇల్లు కప్పుల్ని కదిపింది, మేం విన్నది ఆ కప్పుల్ని. కిటికీ అద్దాన్ని. గ్లాసులో మర్చిపోయిన చెంచాని. దాని మీంచి మాట్లాడుకోవడానికి గొంతు పెంచాం. నేను పది రోజులుగా మిల్లు కోసం మిల్లులో వెతుకుతున్నాను. అది ఇక్కడుంది, వంటింట్లో.

"వదినా, ఆ గుడ్డలన్నీ తీసెయ్."

"చంపుతా. మా అమ్మ పెళ్లికిచ్చిన కప్పులు!"

మార్చి 17

వదిన ఒప్పుకుంది. ఒక షరతు: కప్పులు ఎక్కడికెళ్తే తనూ అక్కడికి.

కప్పుల్ని ఏది కదపాలి? చేత్తో ఊపితే ఊగుతాయి గానీ వణకవు. ఊగడం వేరు, వణకడం వేరు. సాయంత్రం దాకా ఆలోచించాను. అప్పుడు, పొద్దుట్నుంచి లేని కరెంటు వచ్చింది. పక్కింట్లో రష్యా బట్టలుతికే మిషను మొదలైంది. ఆ పాత మిషన్లు నీళ్లు పిండేటప్పుడు నేల మీద తమంతట తామే నడుస్తాయి కదా. మాదీ ఒకటి కోళ్లగూటి పక్కన పడి ఉంది.

దాన్ని పాత పరుపుతో చుట్టాను, దాని గొంతు వినపడకుండా. పైన రెండు పలకలు. పలకల మీద అలమర. మీట వేశాను.

కరెంటు పోయింది.

మార్చి 18

పొద్దున్న కరెంటు ఉన్నంతసేపూ చేశాను. మొదట అన్నీ ఒకేసారి గోల పెట్టాయి, గుర్రబ్బండిలో రమ్ము సీసాల్లా. అది కాదు. మందపు కప్పులు కింద అరలోకి మార్చాను. పల్చటివి పైకి. ఒకదానికొకటి తగిలీ తగలనట్టు. లాంతరు గాజుబుడ్డి ఒకటి పెట్టాను. గ్లాసులో చెంచా. అలమర తలుపు అద్దానికున్న మేకు ఒకటి వదులు చేశాను.

వదిన వెనక నిలబడింది. చేతులు నడుం మీద పెట్టుకుని చూసింది. కాసేపయ్యాక, "ఆ నీలంది ఇంకొంచెం ఎడమకి జరుపు!" అని అరిచింది. కావాలని అరవలేదు.

అన్న గదిలోంచి ఈవేళ ఏ తిట్టూ రాలేదు. నిద్రపోయి ఉంటాడు.

ఒక కప్పు పిడి ఊడింది. వదిన చూడలేదు. దాన్ని వెనక్కి తిప్పి పెట్టాను.

మార్చి 20

అలమరనీ మిషన్నీ గుర్రబ్బండి మీద స్టేషనుకి చేర్చాం. వదిన కప్పుల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా జనం అడిగారు, ఇల్లు మారుతున్నారా అని. వదిన అందరికీ చెప్పింది, మిల్లుని పట్టుకెళ్తున్నామని.

నేను టోపీ ముందుకి లాక్కుని కూర్చున్నాను.

మార్చి 21

రికార్డింగు అయింది.

పన్నెండింటికి కరెంటు తీసేస్తారు. ఆలోపు అయిపోవాలి. ఓస్మెల్ అలమరనీ, పరుపు చుట్టిన మిషన్నీ చూసి, "తాతా, ఇది మిల్లా, మీ అత్తగారి సామానా?" అన్నాడు. "మైకు కప్పుల దగ్గర పెట్టు బాబూ" అన్నాను. పెట్టాడు. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, మీట వెయ్యమని సైగ చేశాడు.

వేశాను.

ఓస్మెల్ నవ్వుతున్నవాడు నవ్వుతున్నట్టే ఉండిపోయాడు. కుర్రవాడు, మిల్లు మూసిన ఏడు పుట్టినవాడు. అయినా నేల వైపు చూశాడు, కాళ్ల కింద ఏదో ఉన్నట్టు.

నటులు మొదలుపెట్టారు. మేస్త్రీ భార్య వేషం వేసిన అమ్మాయి చక్కగా, మెత్తగా, రేడియోలో మాట్లాడే పద్ధతిలో మాట్లాడింది. ఉన్నట్టుండి మూలనుంచి వదిన.

"అలా గుసగుసలాడితే మొగుడికి వినపడుద్దా? మిల్లు ఆడుతోందమ్మా! గట్టిగా అరువు!"

స్టూడియోలో బయటివాళ్లు నోరెత్తకూడదు. మీట తీసేద్దామని చెయ్యి చాపాను. ఇలియానా అంతా ఆపించింది. వదిన వైపు చూసింది, కప్పుల వైపు చూసింది. "ఆవిడ చెప్పినట్టు చెయ్యండి. అందరూ అరవండి. ప్రేమ మాటలు కూడా" అంది.

మళ్లీ మొదటినుంచి. ఈసారి మేస్త్రీ భార్య, "అన్నం తిని వెళ్లరాదా!" అని అరిచింది. అప్పుడది మా ఇల్లయింది.

చివర్లో మిల్లు ఆగాలి. మీట తీశాను. మిషను వెంటనే ఆగదు, నెమ్మదిస్తుంది. మందపు కప్పులు ముందు ఊరుకున్నాయి. గాజుబుడ్డి. చెంచా. పైఅరలో పల్చటిది ఒకటి ఇంకా కాసేపు పలికింది. అదీ ఆగింది.

ఏమీ లేదు.

ఓస్మెల్ చేతులు ఊపాడు. రేడియోలో ఏమీ వినపడకపోతే స్టేషను పోయిందనుకుంటారని వాడి భయం. సంగీతం మీట మీదికి చెయ్యి వెళ్లింది. ఇలియానా చెయ్యెత్తి వాణ్ణి ఆపింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచింది. ఎంతసేపో తెలీదు. ఆ ఏమీ లేకపోవడాన్ని కూడా నేనే చేశాను. చప్పుళ్లు చాలా చేశాను గానీ అలాంటిది ఎప్పుడూ చెయ్యలేదు.

తరవాత ఇలియానా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "టేపు వెనక్కి పంపించేస్తున్నాను బాబాయ్" అంది. సరే అన్నాను. ఇంకా ఏదో అనాల్సింది.

మార్చి 22

నాకు గర్వం లేదు. వాన విని బట్టలు తీసిన ఆవిడ సంగతి ఇదివరకు రాశానో లేదో.

మార్చి 25

అలమర గుడ్డల్లేని కప్పులతో మళ్లీ వంటింట్లోకి చేరింది. శుక్రవారం నాలుగింటికి ప్రసారం. వదిన వాడంతా చెప్పేసింది. అన్నకి కూడా చెప్పిందట.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏమంటాడు? చెవుల్లో దూది పెట్టుకుంటానన్నాడు."

ఇంట్లో దూది లేదు. చూశాను.

మార్చి 28

అనుకున్నట్టే కరెంటు లేదు. రెంబెర్తో తన బ్యాటరీ రేడియో పట్టుకొచ్చాడు. డామినో జట్టంతా వచ్చింది, పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చారు. కుర్చీలు చాలక తలకిందులు చేసిన బకెట్ల మీద కూర్చున్నారు. నేను కోళ్లగూటి దగ్గర నిలబడ్డాను. ఎవరూ నన్ను చూడనవసరం లేదు.

వదిన రేడియోని వంటింటి కిటికీలో పెట్టింది. ఆ గోడకి అవతల అన్న మంచం.

"సొరాయిదా! ఆ అబద్ధాల పెట్టె ఇంకో చోట పెట్టుకోండి!"

"ఇక్కడైతేనే స్టేషను పట్టుద్దయ్యా!" అని వదిన అబద్ధం చెప్పింది.

మొదలైంది. కప్పులు వచ్చాయి. నేను నేలకేసి చూస్తూ విన్నాను. ఎవరైనా బాగుందంటారేమోనని చూశాను. ఒక్కరూ అనలేదు. రెంబెర్తో చుట్టకి నిప్పు అడిగాడు. ఇద్దరాడవాళ్లు కోడిపెట్ట ధర గురించి మాట్లాడుకుంటున్నారు. నాటకం వినడానికొచ్చి కోడిపెట్ట ధరేంటి? మనసు చిన్నబోయింది. వాళ్లకి అందులో మిల్లు వినపడటం లేదు.

వదిన కాఫీ తెచ్చింది. "ఎవరెవరికి?" అని అరిచింది. ఆవిడ ఎప్పుడూ అరుస్తుంది.

"ఇటు!" అని అరిచాడు రెంబెర్తో.

"ఐదుకి తక్కువ రాదు, నా మాట విను!" అని అరిచింది కోడిపెట్ట ఆవిడ.

"ఏంటీ?" అని అరిచింది పక్కనున్నావిడ.

అప్పుడు తల ఎత్తాను. రేడియో చిన్నది. దాని గొంతు కూడా చిన్నదే, బ్యాటరీలు పాతవి. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. అయినా అందరూ అరుచుకుంటున్నారు. మెడలు ముందుకి చాచి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఇరవై ఏళ్ల కిందట అరుచుకున్నట్టే. తాము అరుస్తున్నామని ఒక్కరికీ తెలీదు.

మిల్లు ఆడుతోంది. అందుకే ఎవరూ వినడం లేదు.

నాకు గర్వం లేదని రాయబోయి ఆగాను. ఉంది. చాలా ఉంది. కోళ్లగూడు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తరవాత ఆగింది. కప్పులు ఒక్కొక్కటే. పల్చటిది ఆఖర్న.

"నాకు పంచదార వద్దన్నానా!" అని రెంబెర్తో పెట్టిన కేక పెరట్లో ఒంటరిగా మిగిలిపోయింది. ఎవరూ కదల్లేదు. కోళ్లు కూడా.

లోపల మంచం కిర్రుమంది. ఏదో కింద పడింది. తలుపు గోడకి కొట్టుకుంది.

అన్న బయటికొచ్చాడు. ఒక కాలికి బూటు, రెండోది చేతిలో. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎవడ్రా ఆపింది? నాకు చెప్పకుండా ఎవడ్రా ఆపింది?"

అందరూ అన్న వైపు తిరిగారు. ఆయన మమ్మల్ని చూశాడు, కిటికీలో రేడియోని చూశాడు. రేడియోలో నటుల పేర్లు చదువుతున్నారు, నా పేరు కూడా చదివి ఉంటారు. ఆయన చేతిలో బూటు మెల్లగా కిందికి దిగింది. వదిన దగ్గరికి వెళ్లబోయింది. వద్దని చెయ్యి చూపించాడు.

నా దగ్గరికొచ్చాడు. మంచం దిగి పెరటి చివరిదాకా ఆయన నడవడం నేను చూసి చాలా ఏళ్లయింది.

"నువ్వేనా?" అన్నాడు. నాకే. వదినకి కాదు.

తల ఊపాను.

"దేంతో చేశావు?"

వంటింట్లో అలమర చూపించాను. వెళ్లి దాని తలుపు తీశాడు. ఒక కప్పు మీద వేలు పెట్టాడు. గుడ్డలు లేవని చూశాడు. వీపు మా వైపే ఉంది.

"నడిపించు."

"కరెంటు లేదన్నా."

"నడిపించరా."

చేత్తో ఊపితే వణకదని ఆయనకి ఎలా చెప్పను? వెళ్లి అలమర ఒక పక్క పట్టుకున్నాను. వదిన రెండో పక్క పట్టుకుంది. కదిపాం. కప్పులు ఊగాయి. ఆయన చెక్క మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"అంత తొందరేంటి? పెళ్లికెళ్తున్నారా? పళ్లు బిగించి చిన్నగా. ఎవేలియో, భుజంతో కాదు, మణికట్టుతో. అదీ. రెంబెర్తో, ఊరికే చూస్తావేంటి, వెనక్కి రా! క్రేను లాగినట్టు లాగకు, ఆనించి వదులు!"

"నలభై ఏళ్లు లాగినవాణ్ణి, నాకు నేర్పుతావా!" అన్నాడు రెంబెర్తో. కానీ వచ్చి పట్టుకున్నాడు. డామినో జట్టు వచ్చింది. కోడిపెట్ట ఆవిడ వచ్చింది. ఎక్కడ చోటుంటే అక్కడ చెయ్యి వేశారు.

"రెండో గానుగ ఎప్పుడూ కొంచెం వెనకబడేది" అని అరిచాడు అన్న. "ఎడమ వైపువాళ్లు ఒక్క రవ్వ ఆలస్యంగా! ఇంకొంచెం! ఎవేలియో, విన్నావా? ఇప్పుడు విన్నావా?"

విన్నాను. ఊగడం పోయి వణుకు వచ్చింది. అది స్టూడియోలో నేను చేసినదానికంటే బాగుంది. ఆ రవ్వ ఆలస్యం నాకు తెలీదు.

"విన్నానన్నా!" అని అరిచాను. నేను అరవడం నేనే ఎప్పుడూ వినలేదు.

భుజాలు లాగేస్తున్నాయి, పెన్ను సరిగ్గా నిలవడం లేదు. అన్న ఆపమనలేదు. చీకటి పడేదాకా మిల్లు ఆడింది.